రెండోసారి వెళ్ళకండి

ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ వెళ్ళి, మెట్రోపాలిటన్ ఒపెరాలో కొత్తరకం ఒపెరాల ముందు కూర్చుని, చెక్కుచెదరకుండా ఇంటికి తిరిగి రావడంలో నాకు ఇరవయ్యేళ్ళ అనుభవం ఉంది. ఈమధ్య మన కుర్రాళ్ళు కొందరు ఉత్సాహపడి వెళ్ళి, ఎక్కడో దెబ్బతిని, చూసిన ఒపెరాకే మళ్ళీ టికెట్లు కొంటున్నారని విన్నాను. వాళ్ళ కోసమే ఈ నాలుగు ముక్కలు.

అన్నిటికంటే ముఖ్యం, ఏ ఒపెరాకీ రెండోసారి వెళ్ళకండి. 'నాకేం అర్థం కాలేదు' అని గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలిగేది మొదటిసారికే. మరి మన పెద్దలు ఊళ్ళో కురుక్షేత్రం నాటకానికి పదిసార్లు వెళ్ళి, రాయబారం పద్యాలకి వన్స్‌మోర్‌లు కొట్టేవారు కదా అంటారేమో. వాళ్ళ సంగతి వేరు. పద్యం వాళ్ళకి నోటికొచ్చు, రాగం ఎక్కడ లాగుతాడో ముందే తెలుసు. అవన్నీ వాళ్ళు తల్లి కడుపులోనే నేర్చుకుని పుట్టారు. పదిసార్లు వెళ్ళడం వల్ల వచ్చాయని మాత్రం అనుకోకండి.

వెళ్ళేముందు ఇంట్లో ఫోనులో ఓ పది నిమిషాలు వినండి. ఇందుకు ఆల్బన్ బెర్గ్ రాసిన 'వొట్సెక్' భేషుగ్గా పనికొస్తుంది. 1925లో బెర్లిన్‌లో తొలిసారి ఆడింది. నూరేళ్ళు దాటినా దాన్ని ఇంకా ఆధునికమనే అంటున్నారు, మన ఊళ్ళలో కొత్త బస్టాండు ఎప్పటికీ కొత్త బస్టాండే అయినట్టు. మూడో అంకంలో సైనికుడు వొట్సెక్, తన బిడ్డకి తల్లి అయిన మరీని చెరువు దగ్గర పొడిచి చంపుతాడు. ఆ రంగమంతా ఒకే ఒక్క స్వరం పట్టుకుని నడుస్తుంది. కాసేపు అట్టడుగున, కాసేపు పైన ఎక్కడో సన్నగా. ఆమె పోయాక ఆర్కెస్ట్రా మొత్తం ఆ స్వరాన్నే వినీ వినపడనంత మెల్లగా అందుకుని, గోడలు అదిరేదాకా పెంచుతుంది. మధ్యలో డ్రమ్ము దెబ్బలు. మళ్ళీ అదే స్వరం, ఇంకా పెద్దగా. ఫోను స్పీకరుకి ఇదంతా దొరకదు, ఎవరో కీచుమని అరిచినట్టు ఉంటుందంతే. మనకి కావలసిందీ అదే. హాల్లో అయితే ఆ స్వరం కుర్చీలోంచి వెన్నులోకి ఎక్కేస్తుంది.

నిజానికి మొదటిసారి హాల్లో కూడా పెద్ద ప్రమాదం లేదు. శ్రుతిపెట్టె పక్కన పెరిగినవాళ్ళం కాబట్టి, వెనకాల ఒక స్వరం మోగుతుంటే శ్రుతే అనుకుని వదిలేస్తాం. 2019 డిసెంబరులో నేనూ అలాగే వదిలేశాను. జనవరిలో స్నేహితుడి టికెట్టు ఒకటి మిగిలిపోతే, పారేయడం ఇష్టంలేక మళ్ళీ వెళ్ళాను. ఈసారి కత్తి బయటికి రాకముందే ఆ స్వరం వినిపించింది. ఇక ఈ పిల్ల బతకదని నాకు తెలిసిపోయింది, ఆ పిల్లకింకా తెలియదు. ఆ నాలుగు నిమిషాలూ కూర్చోవడం ఎంత ఇబ్బందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. టికెట్టు మిగిలితే మిగలనివ్వండి.

ఇంటర్వెల్‌లో లేచి వచ్చేయడం మంచి అలవాటే గాని, కొనేముందు వివరాలు చూసుకోండి. కొందరు ముదుర్లు ఇంటర్వెలే పెట్టరు. 'వొట్సెక్' గంటన్నర పైచిలుకు ఏకబిగిన సాగుతుంది. జార్జ్ బెంజమిన్ 'రిటెన్ ఆన్ స్కిన్' కూడా అంతే. ఫిలిప్ గ్లాస్ 'ఐన్‌స్టైన్ ఆన్ ద బీచ్' దాదాపు ఐదు గంటలు. ఇంటర్వెల్ లేదు గాని, ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి బయటికెళ్ళి రావచ్చు. ఇంతటి మర్యాద మరే ఒపెరాలోనూ చూడలేదు. థామస్ అడెస్ 'ది ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్' 2017లో మెట్‌కి వచ్చినప్పుడు మాత్రం ఇంటర్వెల్ ఉంది. విందుకొచ్చిన పెద్దమనుషులు, అడ్డం ఏమీ లేకపోయినా, ఆ గది దాటి వెళ్ళలేకపోవడమే కథ. వాళ్ళకి చేతకాని పని నేను చేసి చూపించాను, ఇంటర్వెల్‌లోనే లేచి రైలు పట్టుకున్నాను. వాళ్ళు బయటపడ్డారో లేదోనని ఆ తర్వాత రెండు రాత్రులు నిద్రపట్టలేదు, అది వేరే సంగతి.

ఆ ఒపెరాలోనే ఆడ్రీ లూనా, మెట్ చరిత్రలో అంతవరకు ఎవరూ అందుకోనంత పైస్వరం పాడిందని పత్రికలు రాశాయి. ఇలాంటి వార్త దొరికితే వదలకండి. ఆ ఒక్క స్వరం ఎప్పుడొస్తుందా అని వాచీ చూసుకుంటూ కూర్చుంటే మిగతా రెండు గంటలూ వాటంతటవే వృథా అవుతాయి.

జోకు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. లిగెటి 'ల గ్రాన్ మకాబ్ర్' మొదలయ్యేదే పన్నెండు కారు హారన్లతో. 2010లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌వాళ్ళు వేసినప్పుడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇది రోజూ టికెట్టు లేకుండా వింటామని అన్నాను. ఆ ఒక్క ముక్కతో ఎన్నో విందుల్లో నెగ్గుకొచ్చాను. ఆ హారన్లు ఊరికే మోగవని, వాటికీ ఒక వరసా పంపకమూ ఉన్నాయని ఎవరైనా చెప్పబోతే, పప్పు ఇటు జరపమనండి.

ఇక మనవాళ్ళని ప్రత్యేకంగా హెచ్చరించాల్సింది గ్లాస్ రాసిన 'సత్యాగ్రహ' గురించి. 1980లో రాటర్‌డామ్‌లో మొదలైంది. కథ దక్షిణాఫ్రికాలో గాంధీగారిది, పాడేదంతా భగవద్గీత, అదీ సంస్కృతంలోనే. 2011లో మెట్‌లో ఆడినప్పుడు, ముందు కుర్చీ వీపుమీద మామూలుగా కనిపించే అనువాదం కూడా వేయలేదు. ఇంత హాల్లో మాట తెలిసినవాణ్ణి నేనేనన్న ధీమాతో వెళ్ళాను. మీరూ అలాగే, ఘంటసాల గీతని చెవిలో పెట్టుకుని వెళ్ళండి. వీధిలో ఆ రికార్డు వినిపిస్తే ఎవరింట్లో ఏమైందోనని తలుపు తీసి చూసే జాతి మనది, కాబట్టి సగం పని అక్కడే అయిపోతుంది. మిగతా సగానికి ఉచ్చారణ తప్పులు ఏరుకోండి. అక్షరానికీ అక్షరానికీ మధ్య కాఫీ తాగి రావచ్చు కనక తీరిక బోలెడు. ఒకే ముక్కని తిప్పి తిప్పి వాయిస్తూ మధ్యలో ఎక్కడో చిన్న మార్పు చేస్తారు. దాన్ని పట్టుకుందామని చూడకండి. ఒకటి దొరికితే రెండోదానికోసం చెవి దానంతటదే నిక్కుతుంది.

అసలు గండం చివర్లో ఉంది. గాంధీ ఒక్కడే నిలబడి నాలుగో అధ్యాయం శ్లోకాలు అందుకుంటాడు. ఎనిమిది స్వరాల ఆరోహణ, వాళ్ళు ఫ్రిజియన్ అంటారు, మన హనుమతోడి మెట్లే. అదే ఆరోహణ ముప్పైసార్లు. ఇక్కడ చేయాల్సింది లెక్కపెట్టడం. లెక్కలో ఉన్నంతసేపు మనిషికి ఏమీ కాదు. మొదటి రాత్రి వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టాను, ముప్పై సరిగ్గా వచ్చింది. రెండోసారి మా ఆవిడ పట్టుబట్టి తీసుకెళ్ళింది, ఇరవై దాటాక ఎక్కడో తప్పింది. మూడోసారి బొటనవేలు మొదటి కణుపు మీదే ఉంది, చప్పట్లు మోగుతున్నాయి, మా ఆవిడ కోటు అందిస్తోంది.

కాబట్టి వేళ్ళని నమ్ముకోకండి. రామనామం చేసుకునేవాళ్ళు వేలికి తొడుక్కునే చిన్న కౌంటరు ఉంటుంది చూడండి, అలాంటిది ఒకటి కొనుక్కుని వెళ్ళండి.