ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్!

మూడు వారాలుగా మా ఇంట్లో రాత్రి తొమ్మిది దాటగానే నెట్ పోతోంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒకటే మంత్రం: "సార్, రూటర్ ఒకసారి ఆఫ్ చేసి, ముప్పై సెకన్లు ఆగి ఆన్ చేయండి." చేస్తాను. వస్తుంది. మర్నాడు మళ్లీ పోతుంది. వాళ్ల పుస్తకంలో మాత్రం రోజుకో సమస్య పరిష్కారమైపోతూ ఉంటుంది.

అసలు ఆ డబ్బాలో ఏం జరుగుతోందో చూద్దామని బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాను. పాస్‌వర్డ్ డబ్బా అడుగునే స్టిక్కర్ మీద ఉంది, తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించినట్టు. లోపల ఓ మూల సిస్టమ్ లాగ్ కనిపించింది. అంటే ఆ డబ్బా తన మంచిచెడ్డలు తానే రాసుకునే చిట్టా. తీరా చూస్తే 'డిజేబుల్డ్'. కరణాన్ని కూర్చోబెట్టి కలం లాక్కున్నారు!

ఎనేబుల్ చేశాను. ఏ స్థాయి కావాలని అడిగింది. సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది మెట్లు. అంకె తగ్గేకొద్దీ కొంప మునిగినట్టు లెక్క. ఏడు డీబగ్. అది పెడితే చీమ చిటుక్కుమన్నా రాస్తుంది. సున్నా ఎమర్జెన్సీ. యంత్రం ఇక పనికిరాదని దానర్థం. పనికిరాని యంత్రం ఆ ముక్క ఎవరిచేత రాయిస్తుందో! నేను ఆరు పెట్టుకున్నాను.

ఆ రాత్రి నెట్ పోయింది. ఫోన్ చేశాను, మంత్రం విన్నాను, అలవాటు కొద్దీ స్విచ్చి కట్టేశాను. మళ్లీ వేసి చిట్టా తెరిస్తే పాత పంక్తి ఒక్కటీ లేదు. ఇంటి రూటర్లలో చాలావాటికి లాగ్ ఉండేది ర్యామ్‌లోనే. కరెంటు తీస్తే పలక తుడిచేసినట్టే. దొంగలు పడ్డారని ఫోన్ చేస్తే, ముందు ఇల్లు శుభ్రంగా కడిగెయ్యండి, తర్వాత ఫిర్యాదు రాసుకుంటాం అన్నట్టుంది వరస.

కొత్తగా పడ్డ మొదటి పంక్తి తేదీ ఇంకా ముచ్చటగా ఉంది: 1970 జనవరి 1, ఉదయం 5.30. అప్పటికి మా నాన్నకి పెళ్లే కాలేదు. యూనిక్స్ యంత్రాల కాలగణన అక్కడే మొదలు. గ్రీనిచ్‌లో అర్ధరాత్రి, మనకు తెల్లవారుజాము. డబ్బాలో బ్యాటరీ గడియారం లేదు. లేవగానే నెట్‌లో ఎన్‌టీపీ సర్వర్‌ని టైమడిగి తెలుసుకోవాలి. నెట్ పోయిన సమయం రాయాలంటే ముందు నెట్ రావాలి!

సంస్థలు, సర్వీస్ ప్రొవైడర్లు తమ లాగ్‌లను 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. గడియారాలు కూడా సరిచూసుకోమంది. వాళ్ల చిట్టాకి ఆర్నెల్ల ఆయుష్షు. మన చిట్టాకి, స్విచ్చి కట్టమని వాళ్లు చెప్పేదాకా.

రోషం వచ్చింది. లాగ్ మోడ్‌లో 'రిమోట్' ఎంచుకుని, అటక మీది పాత ల్యాప్‌టాప్ దింపి, దాని ఐపీ అడ్రస్ ఇచ్చి, పోర్టు 514 పెట్టాను. ఇదేం బ్రహ్మవిద్య కాదు. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ కోసం మొదలుపెట్టిన పద్ధతే. యూడీపీ కాబట్టి రిజిస్టర్డ్ పోస్టు కాదు, కార్డుముక్క. అందిందో లేదో పంపినవాడికి తెలియదు. అయినా ల్యాప్‌టాప్‌లో పంక్తులు పడ్డాయి. రాత్రి 9.14కి, 'ఎల్‌సీపీ టెర్మినేటెడ్ బై పీర్'. అంటే కనెక్షన్ తెంచింది మా డబ్బా కాదు, అవతలి వాళ్లే.

ఫోన్ చేసి ఆ పంక్తి అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా విన్నది. "అవన్నీ మాకు కనపడవు సార్. మీరొకసారి రూటర్ ఆఫ్ చేసి..."

అయ్యా, అమ్మా, ఈ మాట మీకూ రేపో మాపో వినిపిస్తుంది. స్విచ్చి మీద చెయ్యి వేసేముందు లాగ్ పేజీ తెరిచి, ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.