కవలల మతిమరపు

మా ఇంట గ్యాసు బండలు రెండు కలవు. మొదటిది అయిపోయిన వెంటనే రెండవదానిని తగిలించుకొని, ఖాళీ బండకు ఆనాడే బుక్కు చేయవలెనన్నది గృహధర్మము. కాని రెండవది ఉన్నదన్న ధీమాయే ఆ ధర్మమును మరపించుటచే, రెండును ఖాళీయే అన్న పరమసత్యము, చుట్టములు దిగిన తెల్లవారుజామున, కాఫీకి పాలు పొయ్యిమీద పెట్టిన పిమ్మటనే మాకు సాక్షాత్కరించుచుండును. ఈ గృహరహస్యమును ముందుగా బయటపెట్టుటకు కారణము కలదు. పల్నాటి సున్నపురాతిని నమ్ముకొని వెలసిన ఒక సిమెంటు కర్మాగారమున నేను ఇన్‌స్ట్రుమెంటేషను ఇంజనీరుగా నున్న కాలమున, ఒక వేసవి గాలివాన రాత్రి సంభవించిన మహోపద్రవమునకు మూలము అచ్చముగా ఇదియే.

సిమెంటు కర్మాగారమునకు ప్రాణము కిల్న్. అది లోపల అగ్గి ఇటుకలు పేర్చి, 60 మీటర్లకు పైబడిన నిడివితో, నిదానముగా దొర్లుచుండు ఉక్కు గొట్టము. అందలి సరుకు 1450 డిగ్రీల సెగను చవిచూచినగాని, పిండిచేసిన సిమెంటగు క్లింకరు కానేరదు. దానిని త్రిప్పు మోటార్లను, బొగ్గు పొడిని ఊదు బ్లోయర్లను, చల్లార్చు ఫ్యానులను ఏలు ప్రభువు మాత్రము, ఏసీ గదిలో, అద్దాల బీరువాలో కూర్చున్న జానెడు పెట్టె. దానిని పీఎల్‌సీ, అనగా ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలరు, అందురు. ఆ వంశమునకు మూలపురుషుడు అమెరికాలో పుట్టెను. డిక్ మోర్లీ అను ఇంజనీరు 1968 జనవరి 1వ తేదీన, ముందురాత్రి పానగోష్ఠి తాలూకు తలనొప్పి ఇంకను వదలకమునుపే, దాని ఊహను కాగితముపై పెట్టెనట. వారి సంస్థ చేపట్టిన 84వ పని యగుటచే తొలి యంత్రమునకు 084 అనియే పేరిడిరి. పుట్టుకలోనే మైకము గల వంశమునకు నడుమ నడుమ స్మృతి తప్పినచో విడ్డూరమేమి?

ఆ మాట పెద్దలకును తోచియుండవలెను. అందుచేత మా బీరువాలో ఒకటికి రెండు కంట్రోలర్లను కూర్చుండబెట్టిరి. మాస్టరు ఆజ్ఞలిచ్చుచుండగా, స్టాండ్‌బై అదే ప్రోగ్రామును అదే క్షణమున మనసులో వల్లించుకొనుచు, అన్న పడిపోయిన మరుక్షణము పగ్గములు పట్టుకొనుటకై కాచుకొనియుండును. ఇరువురి నడుమ వెండ్రుకవంటి గాజు తీగలు. వానిగుండ నిరంతర సంభాషణము. ఇంతటి అన్యోన్యత నేను దంపతులలో చూడలేదు.

కరెంటు పోయినను ప్రోగ్రాము చెరగకుండుటకు ఒక్కొక్కరి కడుపున 3.6 వోల్టుల లిథియం సెల్లు ఒకటి యుండును. అది నీరసించినప్పుడు పసుపుదీపము వెలుగును. మాకు అన్నగారి దీపము సంక్రాంతికే వెలిగినది, "తమ్ముడున్నాడుగదా" అనుకొంటిని. ఉగాదికి తమ్ముని దీపమును వెలిగినది; "అన్న ఉన్నాడుగదా" అనుకొంటిని. ఆ వెలుగు కంటికి గ్రుచ్చుకొనుచున్నదని ఏ పుణ్యాత్ముడో రెండింటిమీదను నల్లటేపు ముక్కలంటించుటతో నా మనశ్శాంతి సంపూర్ణమాయెను.

ఆ రాత్రి పదకొండు గంటలకు గాలివాన వచ్చినది, లైను ట్రిప్పయినది, అరగంట నిలువవలసిన యూపీఎస్ ఏడు నిమిషములకే కన్ను మూసినది. వేడి కిల్న్ ఒకే భంగిమలో నిలిచిపోయినచో తన బరువునకు తానే నడుము వంగిపోవును గనుక, బయటివారు డీజిలు ఇంజను తగిలించి, కుంభకర్ణుని ప్రక్క మార్చినట్లు, దానిని కొంచెము కొంచెముగా దొర్లించుచుండిరి. ఒంటిగంటకు కరెంటు వచ్చినది. నేను బీరువా తలుపు తీయకమునుపే మా అప్రెంటిసు కుర్రవాడు లోనికి తొంగిచూచి, "సార్, రెండూ ఎర్రగానే ఉన్నాయండి" అనెను.

ఏకకాలమున ఉభయులకును స్మృతిభ్రంశము! ఒకే దినమున కొని, ఒకే దినమున బిగించి, ఒకే గదిలో ఒకే చలువన పెంచిన సెల్లులు వేరువేరు దినములలో చచ్చునని ఎట్లు నమ్మితినో ఆ పరమేశ్వరునికే ఎరుక. పోనిమ్ము, బ్యాకప్పు లేదా? కలదు, ముందుచూపుతో రెండు కాపీలు తీసిపెట్టితిని. రెండును ఒకే ల్యాప్‌టాపులో నున్నవి. ఒకదాని పేరు ‘ఫైనల్’, రెండవదాని పేరు ‘ఫైనల్ కొత్తది’. తెరచి చూడగా కొత్తదే పాతది.

ఏదియో ఒకటి అన్నగారికి ఎక్కించితిని, పచ్చదీపము వెలిగినది. అంతటితో నాగి, తమ్ముని ఊరక స్టార్టు చేసిన చాలును; అన్న నోటినుండి సమస్తమును నేర్చుకొని తానే జతకూడును. కాని నిద్రలేమివలన పుట్టిన ఉత్సాహము చెడ్డది. తమ్మునికిని విడిగా ప్రోగ్రామెక్కించి నడిపించితిని. అంతకు కొంచెము ముందే కుర్రవాడు దుమ్ము తుడిచెదనని గాజు తీగలను పీకి, మరల క్లిక్కుమనువరకు నొక్కక వదలియుండెను. సోదరునితో మాట కలియకపోవుటచే ప్రతివాడును రెండవవాడు గతించెనని నిశ్చయించుకొని పట్టాభిషిక్తుడయ్యెను. ఇరువురి నుదుటను మాస్టరు దీపమే! వాలిసుగ్రీవులను పోల్చుకొనలేక రాముడంతటివాడు గజపుష్పమాలను ఆశ్రయించెను. నేను కుర్రవాని మెడలోని ఐడీ కార్డు త్రాడును తీసి అన్నగారికి తగిలించితిని. మోటార్లకు పోవు సరఫరా ఇంకను కలుపలేదు గనుక బ్రతికిపోతిమి. తమ్ముని ఆపి, తీగలు నొక్కి, మరల లేపగా, వాడు బుద్ధిమంతుడై స్టాండ్‌బైగా కూర్చుండెను.

ఇక మిగిలినది పాత బ్యాకప్పునకును నేటికిని నడుమ జరిగిన మార్పులు. ఏ టైమరును ఎన్ని సెకండ్లకు పెట్టితిమో నాకు జ్ఞప్తి లేదు. మా పెద్ద ఆపరేటరు అంతవరకు మూలను కూర్చుండి మా విద్వత్తును తిలకించుచుండెను.

"బాబాయ్, కూలరు ఫ్యాను టైమరు ఎంత పెట్టామో గుర్తుందా?" అని దీనముగా నడిగితిని.

"నాకెక్కడ గుర్తుంటాయి సార్! మీరు మార్చినప్పుడల్లా తలుపెనక పెన్సిలుతో రాసిపెట్టా. చూసుకోండి" అనెను.

చూచితిని. బీరువా తలుపు వెనుక, చాకలిపద్దువలె, తేదీలతో సహా రెండేండ్ల చరిత్ర యున్నది. సెల్లు అక్కరలేని జ్ఞాపకశక్తి! తెల్లవారు అయిదింటికి కిల్న్ తన మోటారుపై తాను తిరిగినది.

కొత్త సెల్లులు మూడవనాడు వచ్చినవి. "రెండెందుకండీ? ఒకటి పనిచేస్తే చాలదా?" అని ఇండెంటుపై ప్రశ్నించిన స్టోర్సువారికి నేను వ్రాసిన సమాధానము ఇచట అప్రస్తుతము. కరెంటు ఉండగనే, ఒకదాని తరువాత ఒకటిగా రెండును బిగించి, రెండింటిమీదను చక్కని దస్తూరితో ఆనాటి తేదీని వేసితిని. కుర్రవాడు కొంతసేపు తల గోకుకొని, "సార్, రెండూ ఒకే రోజు పెడితే మళ్ళీ ఒకే రోజు పోతాయేమోనండి" అనెను.

నేను వానివంక తేరిపార చూచి, క్యాంటీను నుండి టీ తెమ్మని పంపితిని.