జంటలో నేనొక గుంటను

నన్ను గురించి నలుగురిలో మాటాడ జంకువారే హెచ్చు. కావున నా కథ నేనే చెప్పుకొనక తప్పినది కాదు. వరంగల్లు ప్రాంతమున నొక చిన్న పల్లెలో, పెంకుటింటి వెనుకటి పెరటియందు, మరుగుదొడ్డి కొఱకు నన్నును నా తోబుట్టువును ఒక్కసారిగనే త్రవ్వి, చుట్టును రంధ్రములున్న సిమెంటు ఒరలు దింపి, అడుగున గచ్చు చేయక వట్టి నేలనే విడిచిరి. అది చూచి యింటి యజమాని "ఇదేం కట్టుడు మేస్త్రీ, సిమెంటు మిగిలిచ్చుకున్నవా?" అని కసరుకొనెను. మేస్త్రి నవ్వి యూరకుండెను.

నా విద్య యంతయు నా రంధ్రములయందే యున్నది. నన్ను చేరు మలినములో నీరే యధికము. అది మెల్లగా నేలలోనికి ఇంకిపోవును, వాయువులను మట్టియే పీల్చుకొనును, శేషించిన దానిని కంటికి కానరాని సూక్ష్మజీవులు జీర్ణము చేసికొనును. కావుననే నాకు గాలిగొట్టముతో పనిలేదు. మరుగుదొడ్డి పళ్ళెము క్రింది వంపులో నిలుచు 20 మిల్లీమీటర్ల నీరు దుర్గంధమును పైకి రానీయదు; పళ్ళెము మిక్కిలి ఏటవాలుగా నుండుటచే రెండు లీటర్ల నీరు పోసిన చాలును. మాకు ముందున్న చిన్న తొట్టినుండి చీలిన రెండు దారులలో నొకదానిని ఇటుకతో మూయుదురు గనుక, ఒకరము పనిచేయుచుండ నొకరము విశ్రమింతుము. నిజమునకు ఆ విశ్రాంతియే మా ప్రధానకార్యము: నిండిన గుంటను ఏడాదికి పైగా, వీలైనచో రెండేండ్లు, కదపక విడిచినయెడల రోగక్రిములు నశించి మలినము మట్టియగును. అయితే నేను సర్వత్ర పనికివత్తునని చెప్పికొనజాలను. నీరు పైపైననే తగులు డెల్టా పల్లెలలో నన్ను గ్రుడ్డిగా త్రవ్విన బావులు చెడును.

మా వంశమునకు మూలము 1950వ దశకమున లక్నోలో జరిగిన పరిశోధనలలో నున్నది. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ మమ్ము దేశమంతట వ్యాపింపజేసెను. 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలైన పిమ్మట మా సంఖ్య మిక్కిలి పెరిగినది గాని మాపై నమ్మకము ఆ మేరకు పెరుగలేదు. "నిండితే ఎవడెత్తాలె?" అన్నదే ఊరివారి ప్రశ్న. ఆ "ఎవడు" అను మాటలో ఒక కులము పేరు దాగియున్నదని నేలలో నుండు నాకే తెలియుచుండ, పైనుండువారికి తెలియదనుట యెట్లు? మలమును మనుష్యులచే నెత్తించుటను నిషేధించుచు 1993లోను 2013లోను చట్టములు వచ్చినను ఆ ప్రశ్న చావలేదు. దానికి జడిసియే కలవారు పెద్ద సెప్టిక్ ట్యాంకులు కట్టుకొని, నిండినప్పుడు ట్యాంకరును పిలిపించి, అది యే వాగున కుమ్మరించునో విచారింపక తలుపు వేసికొందురు.

2017 ఫిబ్రవరిలో, మా జిల్లాలోనే యున్న గంగదేవిపల్లెయందు, అప్పటి కేంద్ర పారిశుద్ధ్యశాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మా వంటి గుంటలోనికి స్వయముగా దిగి ఎరువును పైకి తీసెను. ఆ వార్త విన్న మా యజమాని మాత్రము వెంటనే మారలేదు. నా తోబుట్టువును ఖాళీచేయు వంతు వచ్చిననాడు ఆయన ముక్కునకు తువాలు బిగించి, ముఖము ప్రక్కకు త్రిప్పికొని, పారతో మూత నెత్తెను. నల్లని పొడిమట్టి. పారతో రెండుసార్లు కదిపెను. తువాలు వదులు చేసెను. కొంత చేతిలోనికి తీసికొని నలిపి, వాసన చూచి, మాఱుమాటాడక నిమ్మచెట్టు పాదులో పోసెను.

ఇప్పుడు నా బాధ వేఱు. మొన్న కోడలు "అత్తమ్మా, తానాల నీళ్ళు గూడ ఈ గుంతలకే ఇడుద్దమా? వాకిట్ల బురద గాదు" అనెను. "వద్దు బిడ్డా, అన్ని నీళ్ళు మట్టి గుంజదు, పొంగుతది. వాటికి నీ పెనిమిటిని వేరే ఇంకుడుగుంత తవ్వమను, ఉపాధి పని కింద కూలి గూడ ఇస్తరు" అని అత్త బదులు చెప్పెను. కొడుకు సరేననెను. గడ్డపార మాత్రము ఇంకను కొట్టములోనే యున్నది.