ఆగడం నేర్చిన మగ్గాన్ని

నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళు నిమిషానికి ఎంత నేస్తావని అడుగుతారు. ఎప్పుడు ఆగుతావని ఎవరూ అడగరు. నా గొప్పంతా అందులోనే ఉంది మరి.

నేను జి రకం టొయోడా ఆటోమేటిక్ మగ్గాన్ని. జపాన్‌లోని నగోయాలో, ఒకప్పటి నేత మిల్లు ఎర్రిటుకల గోడల మధ్య, టొయోటా స్మారక మ్యూజియంలో ఉంటున్నాను. నన్ను తయారుచేసిన సకిచి టొయోడా ఒక వడ్రంగి కొడుకు. తల్లి చేతిమగ్గం మీద పడే కష్టం చూస్తూ పెరిగాడు. 1891లో చెక్క మగ్గానికి తొలి పేటెంటు తీసుకున్నాడు. నా దాకా వచ్చేసరికి 1924 అయింది.

పోచంపల్లిలోనో చీరాలలోనో గుంట మగ్గం మీద కూర్చున్న నేతగాడికి పడుగులో ఒక్క పోగు తెగినా ఇట్టే తెలిసిపోతుంది. ఆపి, ముడేసి, మళ్ళీ నాడె ఆడిస్తాడు. మామూలు మరమగ్గానికి కన్నూ లేదు, చెయ్యీ లేదు. పోగు తెగినా దడదడా నేసుకుంటూ పోతుంది, గజాలకొద్దీ గుడ్డ పాడవుతుంది. దాన్ని కనిపెట్టి ఉండడానికి పక్కనే ఒక మనిషి కావాలి. సకిచి నా పడుగులో ప్రతి పోగుకూ ఒక పల్చని లోహపు రేకు తగిలించాడు. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే వేలాడుతుంది. తెగిందా, కిందికి జారి నా కదలికకు అడ్డుపడుతుంది. నేను ఠక్కున ఆగిపోతాను. పేక అయిపోవస్తే మాత్రం ఆగను, నడుస్తూనే కొత్త నాడె అందుకుంటాను. అది తప్పు కాదు కదా, ఆగడం దేనికి? ఒక్క మనిషి ముప్ఫై మగ్గాలు చూసుకోగలిగింది ఇందువల్లే.

1929లో ఇంగ్లండుకు చెందిన నేత యంత్రాల కంపెనీ ప్లాట్ బ్రదర్స్ నా పేటెంటు హక్కులకు లక్ష పౌన్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. మరమగ్గాలకు పుట్టిల్లు లాంటి చోట నన్ను కొనుక్కున్నారంటే కాస్త మిడిసిపడనివ్వండి. సకిచి కొడుకు కీచిరో కార్ల వైపు మళ్ళాడు. 1937లో టొయోటా మోటార్ కంపెనీ పుట్టింది.

నా బుద్ధిని కార్ల ఫ్యాక్టరీకి అంటించినవాడు తైచీ ఓనో. మా నేత మిల్లులో పనిచేసి 1943లో అటు వెళ్ళాడు. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా లైను ఆపేయొచ్చన్నాడు. లైను ఆగితే నష్టమని లెక్కలు వేసుకునే మేనేజర్లకు ఇదేమంత మింగుడుపడే మాట కాదు. లోపాన్ని దాటవేసి చివర్లో బాగుచేసుకుంటే నష్టం ఇంకా పెరుగుతుందన్నది ఓనో వాదన. నాకైతే అందులో సందేహమే లేదు, పాడైన గుడ్డను వెనక్కి నేసిన మగ్గం ఎక్కడుంది?

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. పోగు తెగితే నేను ఆగుతానంతే. ఎందుకు తెగిందో అడగలేను. ఆ పని మనుషులది. ఓనో తన పుస్తకంలో చెప్పే ఉదాహరణే చూడండి. యంత్రం ఆగింది, ఎందుకు? భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. భారం ఎందుకు ఎక్కువైంది? బేరింగుకు నూనె చాల్లేదు. ఎందుకు చాల్లేదు? పంపు సరిగా తోడడం లేదు. ఎందుకని? దాని ఇరుసు అరిగిపోయింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేక ఇనుపరజను లోపలికి పోయింది. మొదటి ఎందుకు దగ్గరే ఆగినవాడు కొత్త ఫ్యూజు వేసి ఇంటికెళ్ళిపోతాడు, కొన్నాళ్ళకే మళ్ళీ వేయాల్సి వస్తుంది. చివరిదాకా వెళ్ళినవాడు జల్లెడ బిగిస్తాడు. కార్మికులే ఇలాంటి మార్పులు సూచించేలా టొయోటా 1951లో ఒక పద్ధతి కూడా పెట్టింది.

ఈ ఆగే పద్ధతి జపాన్ దాటి కూడా వెళ్ళింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 1982లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఒకటి మూతపడింది. 1984లో టొయోటాతో కలిసి దాన్ని మళ్ళీ తెరిచారు. లైను పొడవునా తాడు కట్టారు. ఎవరైనా లాగితే టీమ్ లీడర్ వచ్చి ముందు లోపం చూసేవాడు. సమయానికి సర్దుబాటు కాకపోతేనే లైను ఆగేది. రెండు మూడేళ్ళలోనే అక్కడి కార్లు జపాన్ కార్ల నాణ్యతకు దగ్గరగా వచ్చాయి. అందుకని మనుషులనేమీ మార్చలేదు సుమా, చాలామంది ఆ మూతపడిన ఫ్యాక్టరీలోని పాత కార్మికులే.