మూడో గేరు

ఎడమ మోకాలికి క్లచ్ బాధ తప్పుతుందని సెకండ్‌హ్యాండ్‌లో ఆటోమేటిక్ కారు కొన్నాను. మోకాలు బాగుపడింది, బీపీ మొదలైంది.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బండి కొత్త పెళ్లికొడుకులా నడుస్తుంది. అరగంట తిరిగి ఒళ్లు వేడెక్కిందా, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగించి, మూడో గేరు పట్టుకుని ఇక వదలదు. ఆగిన చోటి నుంచి కదలాలన్నా మూడో గేరే. అలా ఓ మధ్యాహ్నం విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, షేర్ ఆటోలో కూర్చున్న ఓ ముసలమ్మ నావైపు జాలిగా చూస్తూ దాటిపోయింది.

ఆటోనగర్‌కి తీసుకెళ్లాను. మెకానిక్ టీ తాగి వచ్చేసరికి బండి చల్లబడి, నాలుగు గేర్లూ బుద్ధిగా వేసింది. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం తగ్గే పిల్లాడు గుర్తొచ్చాడు. అయినా ఆయన పెదవి విరిచి, "గేర్‌బాక్స్ దింపాలి సార్" అన్నాడు. దాంతోపాటు నా ప్రావిడెంట్ ఫండ్ కూడా దిగేట్టుందని వెనక్కి వచ్చేశాను.

మా బావమరిది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాడు. స్కానర్ తగిలించాడు. మొదట పీ0700 అని వచ్చింది.

"అంటే ఏంట్రా?"

"గేర్‌బాక్స్ కంట్రోలర్‌కేదో ఫిర్యాదుంది, దాన్నే అడుక్కోమని, బావా."

అచ్చం మా ఆఫీసు ఎంక్వైరీ కౌంటరే. దాన్ని అడిగితే పీ0753 అంది. ఒకటో షిఫ్ట్ సోలెనాయిడ్ కరెంటు దారిలో లోపమట. సోలెనాయిడంటే కరెంటుతో పనిచేసే బుల్లి ఆయిల్ వాల్వు. బండి వేగం, యాక్సిలరేటర్ తొక్కుడు లెక్కేసి ఏది ఎప్పుడు తెరవాలో కంట్రోలర్ బోర్డు చెబుతుంది. ఒక్కదాని మీద అనుమానం వచ్చినా అన్నిటికీ కరెంటు ఆపేస్తుంది. అప్పుడు మా బండికి మిగిలేది మూడో గేరు. ఇల్లు చేరడానికి అది చాలు. ఇంట్లో గొడవైతే నేనూ అంతే. "సరే" అనే ఒక్క గేరు మీద రాత్రిదాకా నెట్టుకొస్తాను.

సోలెనాయిడ్లు కొలిస్తే రెండూ 13 ఓమ్‌లు, కవలల్లా. వైర్లూ బాగున్నాయి. మిగిలింది బోర్డే. బ్యాటరీ నెగటివ్ పీకి, బోర్డు విప్పి భోజనాల బల్ల మీద పరిచాం. కెపాసిటర్లు ఉబ్బలేదు, ఏదీ మాడలేదు. కనెక్టర్ పిన్ను నుంచి ట్రాక్‌కి మల్టీమీటర్ పెడితే "కుయ్" అని నిక్షేపంగా కూసింది.

"చల్లగా ఉన్నప్పుడు నిజమెందుకు చెబుతుంది బావా? వేడి చెయ్యాలి. అక్క హెయిర్ డ్రయ్యర్ తెండి."

వాళ్లక్క గుడికి వెళ్లింది. తెచ్చాను. ఫుల్ స్పీడులో ఇరవై నిమిషాలు వేడిగాలి కొట్టాం. ఒక్కసారిగా కూత ఆగిపోయింది! చల్లారనిస్తే మళ్లీ కుయ్. భూతద్దంలో చూస్తే ఆ పిన్ను చుట్టూ టంకంలో వెంట్రుకవాసి చీలిక, ఉంగరంలా. టంకం కరగాలంటే 183 డిగ్రీలైనా కావాలి, అంత వేడి డ్రయ్యర్‌కి లేదు. కానీ ఏళ్ల తరబడి వేడెక్కి, చల్లారి విరిగిన అతుకు ఎడం కావడానికి ఆ కాస్త సెగ చాలు. వాడు పాత టంకం పీల్చేసి కొత్తది వేశాడు. ఖర్చయిన టంకం కంటే మేం తాగిన టీలే ఖరీదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఫ్లైఓవర్ రెండుసార్లు ఎక్కి దిగాను. షేర్ ఆటోలన్నిటినీ దాటేశాను. ముసలమ్మ కోసం వెతికాను కూడా.

మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చేసరికి మా ఆవిడ తడిజుట్టుతో, చేతిలో డ్రయ్యర్‌తో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమండీ, ఏది నొక్కినా ఇది ఒక్క స్పీడులోనే తిరుగుతోంది. ఎందుకంటారు?"

బావమరిది వైపు చూశాను. వాడప్పుడే చెప్పులేసుకుంటున్నాడు.

నేను మూడో గేరులోకి వెళ్లిపోయాను. "సరే, కొత్తది కొందాం."