సర్వర్ల మీద ఆవు వ్యాసం

సర్వర్లను సిద్ధం చేసే ఆన్సిబుల్‌తో పనిచేసినవాళ్లలో చాలామందికి ఆ ఆవు సంగతి తెలుసు. కంప్యూటర్‌లో కౌసే అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటే చాలు, ఆన్సిబుల్ చేసే ప్రతి పనినీ అక్షరాలతో గీసిన ఆవొకటి తెర మీదికొచ్చి ప్రకటిస్తుంది. 2012లో మైకేల్ డిహాన్ విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను 2015లో రెడ్ హ్యాట్ కొనేసింది. యజమాని మారినా ఆవును ఎవరూ తోలేయలేదు.

ఆవు సరదాకే గానీ ఆన్సిబుల్ వెనకున్న ఆలోచన మాత్రం గట్టిది. ఎక్కడో ఉన్న మెషీన్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వెళ్తుంది. "ఎంజినెక్స్ వెబ్ సర్వర్ ఉండాలి, ఈ ఫైలు ఇలా ఉండాలి, సర్వీసు నడుస్తుండాలి" అని ప్లేబుక్‌లో రాసుకుంటే, లేనిది పెడుతుంది, ఉన్నదాని జోలికి పోదు. పదిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే. దాని విలువంతా ఈ ఒక్క గుణంలోనే ఉంది.

సరిగ్గా ఆ గుణాన్నే మన హీరోగారు ముందు పీకి పారేస్తారు. అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల బోర్డులు చూసి డెవాప్స్ కోర్సులో చేరిన కుర్రాడు కావచ్చు, ఇరవై ఏళ్ల అనుభవం ఉందని చెప్పుకునే పెద్దమనిషి కావచ్చు, పద్ధతి ఒక్కటే. ఆన్సిబుల్‌లో దాదాపు ప్రతి పనికీ తగిన మాడ్యూల్ ఉంటుంది. అవన్నీ నేర్చుకునే ఓపిక లేదు. తెలిసినవి నాలుగు లైనక్స్ కమాండ్లు, వాటిని యథాతథంగా నడిపే షెల్ మాడ్యూల్ ఒకటి. రైలు గురించి రాయమంటే ఆవును తెచ్చి పట్టాల పక్కన మేపిన బడిపిల్లాడిలా, ఏ పని చెప్పినా షెల్‌లోకే లాగుతారు. సాయంత్రానికల్లా మీటింగులో "ఆటోమేషన్ అయిపోయింది సార్!" అని ప్రకటన.

ఏమవుతుందో ఒక్క లైనులో చూడవచ్చు. ఎంజినెక్స్ ప్రాసెస్ ఒక్కొక్కటి ఎన్ని ఫైళ్లు తెరవచ్చో చెప్పే సెట్టింగు ఉంది, వర్కర్ ఆర్‌లిమిట్ నోఫైల్ అని. దాన్ని పెంచాలి. కాన్ఫిగరేషన్ ఫైలంతా టెంప్లేట్‌గా పెట్టుకుంటే గొడవే లేదు. హీరోగారు మాత్రం ఎకో కమాండ్‌తో ఆ లైనును ఫైలు చివర అతికిస్తారు. మొదటిసారి బ్రహ్మాండం. ప్లేబుక్ మళ్లీ నడిపితే అదే లైను రెండోసారి వచ్చి చేరుతుంది. రీలోడ్ అయ్యేటప్పుడు దాన్ని చూసి ఎంజినెక్స్ "డూప్లికేట్" అని మొరాయిస్తుంది. అయినా సైటు పడిపోదు! కొత్త కాన్ఫిగరేషన్‌ను తోసిపుచ్చి, మెమరీలో ఉన్న పాతదాంతోనే నెట్టుకొస్తుంది. దాని మంచితనమే కొంప ముంచుతుంది. ఎప్పుడో కెర్నల్ అప్‌డేట్ కోసం మెషీన్లను రీబూట్ చేసిన రాత్రి, మెమరీలో పాతది ఉండదు, ఫైల్లో ఉన్నది చెల్లదు. ఎంజినెక్స్ లేవదు. ప్లేబుక్ నడిపిన ఏ సర్వర్‌లోనూ లేవదు.

మరి ఆ తప్పు అప్పుడే బయటపడాలి కదా? పడకుండా ఏర్పాటుంది: "ఇగ్నోర్ ఎర్రర్స్: యెస్." పని విఫలమైనా ప్లేబుక్ ఆగదు. చివర్లో వచ్చే పట్టికలో "ఫెయిల్డ్ 0" అని ముద్దుగా కనబడుతుంది. అదే వరుసలో అన్నిటికన్నా కుడివైపున "ఇగ్నోర్డ్ 7" అని కూడా ఉంటుంది గానీ, పైఅధికారికి పంపే స్క్రీన్‌షాట్ అక్కడిదాకా రాదు. అవతలి మెషీన్ నిజంగా మనదేనా అని ఎస్‌ఎస్‌హెచ్ అడిగే ప్రశ్న కూడా విసుగే. హోస్ట్ కీ చెకింగ్‌ను ఫాల్స్ చేసి దాని నోరూ మూయించేస్తారు. వీళ్లు ఆటోమేట్ చేసింది పనిని కాదు, చూసీ చూడనట్టు పోవడాన్ని.

ఇదంతా విని "అందుకే నేను అన్నీ చేత్తోనే చేస్తా" అని కాలరెగరేసే పాతకాపులకు 2012 ఆగస్టు 1 గుర్తుచేయాలి. అంతకుముందు అమెరికా షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్‌లో ఎనిమిది సర్వర్లకు కొత్త కోడ్ ఎక్కించాల్సిన టెక్నీషియన్ ఒకదాన్ని మర్చిపోయాడు. రెండో మనిషి సరిచూడాలన్న నియమం లేదు. ఆ రోజు మార్కెట్ తెరిచాక, మిగిలిపోయిన సర్వర్‌లో ఏళ్ల తరబడి వాడని పాత కోడ్ నిద్రలేచింది. ముప్పావుగంట ఆర్డర్ల దెబ్బకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. పాపం, మార్కెట్ తెరవకముందే కంపెనీలోని ఒక సిస్టమ్ ఉద్యోగులకు 97 ఈమెయిళ్లు పంపి ఏదో తేడాగా ఉందని మొత్తుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. ఇగ్నోర్ ఎర్రర్స్‌కు సాఫ్ట్‌వేరే అక్కర్లేదని అప్పుడే రుజువైంది.

మన సైటుకు తిరిగొస్తే, అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. హీరోగారు ఒక్కో సర్వర్‌లోకీ లాగిన్ అయి, వీఐ ఎడిటర్‌లో ఆ రెండో లైను తీసేసి, సైటు లేపి, పొద్దున్నే అభినందనలు అందుకుంటారు. ప్లేబుక్‌లోని ఎకో మాత్రం అలాగే ఉంటుంది. వచ్చే నెల మళ్లీ నడుపుతారు. ఈలోగా ఖర్చుల సమీక్షలో మేనేజర్‌గారికి ఒకటే సందేహం: అంతా ఆటోమేట్ అయిపోయింది కదా, నైట్ షిఫ్టులో ఇంకా మనిషెందుకు?