పాడియావు – పదుగురు వైద్యులు

1931లో నిజాంసాగరము పూర్తియైనది మొదలు బాన్సువాడ పరిసరములలో వరియు, చెఱకును, సలహాలును పుష్కలముగా పండుచున్నవి. మూడవదానికి నీటితీరువా ఎన్నడును లేకపోవుటచే దాని దిగుబడి నానాటికి హెచ్చుచున్నది. మా పెద్దనాయనగారి కొట్టములోని సంకరజాతి పాడియావు ఒకనాటి యుదయమున లేవక, మెడ మడిచి, తలను డొక్కకు ఆనించి పరుండిపోయిన వార్త ఊరెల్ల ప్రాకుటకు ఆట్టే సేపు పట్టలేదు.

వచ్చినవారిలో ప్రతివాడును తనకు పరిచితమైన వ్యాధినే ఆవునందు దర్శించెను. పొరుగింటి పెద్దవ్వ దిష్టి యనెను. కొడుకు పరీక్ష తప్పిన యొకాయన గ్రహచార మనెను. చిరకాలముగా అజీర్ణముతో స్నేహము నెఱపుచున్న మఱియొక పెద్దమనిషి, “నాకు గూడ గిట్లనే అయితది” అని, సొంఠియు వామును కాచిన కషాయమును చెంబెడు, దానిని పోయుటకు వెదురుగొట్టమును తెచ్చి సిద్ధముగా నిలిచెను. సహదేవుడు విరాటుని కొలువున గోరక్షణకు కుదిరినది అజ్ఞాతవాసమున గదా. ఊరికి తెలియకుండ పశువును చూచుకొను భాగ్యము ఆయనకే చెల్లినది.

అంతలో పసుల డాక్టరు వచ్చి, చెవులు తాకి చల్లగా నున్నవని గ్రహించి, జ్వరమానిని ఆవు గౌరవమునకు భంగకరమైన చోట నుంచి తీసి చూచి, ఎవరికిని తోచని ప్రశ్న యొకటి వేసెను.

“ఎన్నడు ఈనింది పటేలా?”

“నిన్న పొద్దుగాల, సారూ.”

“పాలన్ని పిండిన్రా?”

“చుక్క మిగల్చలే!” అని పెద్దనాయన సగర్వముగా పలికెను.

రోగనిర్ణయము అక్కడనే ముగిసినది. ఈనిన తొలినాళ్లలో జున్నుపాలలోనికి రక్తమునందలి కాల్షియము మిక్కుటముగా తరలిపోవ, ఎముకలనుండి అంత వేగముగా అది సమకూరక, కండరములు పట్టుదప్పి ఆవు కూలబడును. పాడి యెంత ఘనమో ప్రమాదమును అంత ఘనము. మింగలేని స్థితిలో కషాయము పోసినచో ఊపిరితిత్తులలో దిగునని డాక్టరు గద్దింపగా, గొట్టము వెనుకడుగు వేసెను. డెన్మార్కు దేశమున కోల్డింగు పట్టణపు పశువైద్యుడు ష్మిట్ 1897లో ఈ జబ్బునకు పొదుగులోనికి మందునీరు ఎక్కించెననియు, కొన్నేండ్లకు వట్టి గాలి నింపినను ఒత్తిడికి పాలు ఊరుట ఆగి ఆవులు లేచుచుండెననియు నేను చదివియుంటిని. వట్టి గాలితో రోగము కుదురునన్న రహస్యమును మాత్రము అచట వెల్లడింపనైతిని. ఆ సరకు మావారివద్ద అపారము.

డాక్టరు మెడనరమునకు సూది గ్రుచ్చి, కాల్షియము సీసాను మెల్లగా దింపసాగెను. తొందరపడిన గుండె నిలిచిపోవునట. “సీసా జర మీదికెత్తుండ్రి సారూ” అని నలువైపులనుండి ప్రోత్సాహము వచ్చినను ఆయన చెవిని బెట్టలేదు. సీసా ముగియుసరికి ఆవు వణకి, త్రేన్చి, పేడ వేసెను. పేడకు అంతటి హర్షధ్వానములతో స్వాగత మిచ్చిన సభను నే నెన్నడు నెఱుగను. మఱికొంతసేపటికి అది తూలుచు లేచి దూడవైపు నడచినది.

రెండు దినములు పొదుగు పూర్తిగా పిండవలదని చెప్పి డాక్టరు చేతులు కడుగుకొనుచుండగనే, పెద్దవ్వ దిష్టి తీసిన మిరపకాయల ఘాటును ప్రశంసించెను. గ్రహములాయన గడియ మారినదనెను. కషాయకర్త మాత్రము మాటాడలేదు. చెంబువంక చూచి, పారబోయుట కిష్టములేక, గోడచాటునకు పోయి తానే త్రాగెను.